నీలం టబ్బుకు పోయిన ఫోన్

మధ్యాహ్నం కాలేజీ నుంచి ఇంటికి వచ్చేసరికి నల్లా కింద కొత్త టబ్బు కనిపించింది. నీలం రంగు, చంటిపిల్లను కూర్చోబెట్టి నీళ్లు పోసేంత వెడల్పు. మా అత్తమ్మ దాని పక్కన పీట వేసుకుని కూర్చుని, నీళ్లు పడుతుంటే మురిపెంగా చూస్తోంది.

“చూడు బిడ్డా, ఎంత మంచిగున్నదో. ఒక్క పైస ఇయ్యలే.”

“ఎవ్వలిచ్చిండ్రు అత్తమ్మా?”

“బండి మీద మైకు పెట్టుకోని తిరుగుతడు గద, పాత ఫోన్లకు టబ్బులిచ్చేటోడు. నీ ఖరాబైన ఫోను అల్మారల ఊకెనే పడున్నది. ఇచ్చేసిన.”

నేను చెప్పులు కూడా విప్పకుండా అల్మారా దగ్గరికి పరుగెత్తాను. చీరల కింద నేను పెట్టిన చోట ఫోన్ లేదు. మిగతా చీరలు కూడా లాగి కింద పడేశాను. లేదని తెలిసి కూడా వెతుకుతున్నాను. ఆపరేషన్ రోజు నన్ను స్ట్రెచర్ మీద తోసుకుపోతున్నప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.

జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. మా బజారులో ఎవరు ఫోన్ కొనాలన్నా, లాప్‌టాప్ కొనాలన్నా ముందు మా ఇంటికే వస్తారు. నేను మర్యాదగా సమాధానం చెప్పే మనిషిని కాదు. “దాంతోటి నీకేం పనున్నదో ముందు చెప్పు, రంగు సంగతి తర్వాత చూద్దాం” అని కసురుతాను. అయినా వస్తారు. ఫోన్ నిండిపోతోందని ఎవరైనా మొత్తుకుంటే మెమరీ కార్డు వేయించి, కెమెరాతో తీసేవన్నీ ఆ కార్డులోకే పోయేలా సెట్టింగ్ మార్చి పంపేదాన్ని. ఫోన్ తేలికగా నడుస్తుంది, కార్డు మార్చుకోవచ్చు, ఖర్చు తక్కువ. ఎంతమందికి ఆ సలహా చెప్పానో నాకే తెలియదు. నా ఫోన్‌కు కూడా అదే చేశాను.

నాకు కుడి రొమ్ములో గడ్డ వచ్చింది. వరంగల్‌లో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. ఈ సంగతి మా ఆయనకూ, అత్తమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. కాలేజీలో పిత్తాశయంలో రాళ్లని చెప్పాను. మహదేవపూర్ దగ్గర మా పుట్టింట్లో అదీ చెప్పలేదు. మా అమ్మకు చెబితే తట్టుకోలేదు, మా పిన్నులకు చెబితే ఊరంతా జాలిపడుతుంది. జాలి అంటే నాకు ఒళ్లు మంట.

పుండు త్వరగా మానలేదు. ప్రతిసారీ అంత దూరం రాలేనంటే డాక్టరమ్మ, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమంది. పాతవాటితో పోల్చి చూడాలి, తీసేయొద్దు అని కూడా చెప్పింది. మా ఆయనకు భూపాలపల్లిలో బొగ్గు గని ఉద్యోగం, వారానికొకసారి వచ్చేవాడు. అత్తమ్మ కట్టు కట్టేటప్పుడు దూది డబ్బా పట్టుకునేది కానీ, ముఖం గోడ వైపు తిప్పుకునేది. నా పుండు చూడలేననేది. అందుకని అల్మారా అద్దం ముందు నిలబడి, ఎడమ చేత్తో నేనే తీసుకునేదాన్ని. కొన్నిటిలో నా ముఖం కూడా పడింది.

ఆ ఫోన్‌కు తాళం లేదు. ఆపరేషన్ తర్వాత కుడి చెయ్యి లేచేది కాదు. నాకు కళ్లు తిరిగితే అత్తమ్మే మా ఆయనకు ఫోన్ చేయాలి. గీతలు గీసి తెరవడం ఆమెకు ఎన్నిసార్లు నేర్పినా కుదరలేదు. చివరికి విసిగిపోయి తాళం తీసేశాను. తర్వాత మళ్లీ పెట్టుకోవాలన్న ఆలోచనే రాలేదు.

కొన్నాళ్లకు ఆ ఫోన్ బట్టలుతికే బండ మీద పడి డిస్‌ప్లే నల్లబడిపోయింది. కాల్ వస్తే మోగేది, ఏమీ కనిపించేది కాదు. కొత్తది కొన్నాను. దుకాణంలో అతను పాతదాని ట్రే లాగి సిమ్ తీశాడు. కొత్త ఫోన్‌లో కార్డుకు చోటు లేదని, కార్డును అదే ట్రేలో ఉంచి లోపలికి నెట్టేశాడు. ఆ ఫోన్‌ను తీరిక చేసుకుని తుడిపేద్దామని చీరల కింద దాచాను.

డిస్‌ప్లే పోతే ఫోన్ చచ్చిపోయిందనుకుంటారు మా వాళ్లంతా. డిస్‌ప్లే కిటికీ అద్దం లాంటిది. అద్దం పగిలితే ఇంట్లో సామాను ఎక్కడికీ పోదు. కొత్త అద్దం బిగించిన వాడికి సామానంతా కనిపిస్తుంది.

మంచం మీద కూర్చుని కొత్త ఫోన్‌లో నా ఖాతా తెరిచాను. పోయిన ఫోన్‌ను వెతికే చోటికి వెళ్తే, చాలా రోజుల కిందట మా ఇంట్లోనే చివరిసారి కనిపించినట్టు చూపించింది. అన్నీ చెరిపేయమని నొక్కాను. ఆ ఫోన్ మళ్లీ ఇంటర్నెట్‌కు తగిలినప్పుడు చెరిపేస్తానని జవాబు వచ్చింది. సిమ్ లేని ఫోన్ ఇంటర్నెట్‌కు ఎందుకు తగులుతుంది? ఇంటర్నెట్ లేకుండానే ఫోటోలన్నీ తెరుచుకుంటాయి కదా. ఆ ఫోన్ నుంచి నా ఖాతాను బయటికి పంపేశాను, పాస్‌వర్డ్ మార్చాను. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టాను. అప్పుడు కార్డు గుర్తొచ్చింది. ఇక్కడి నుంచి ఎన్ని మీటలు నొక్కినా కార్డులో ఉన్నవి చెరుగుతాయన్న భరోసా లేదు. దాన్ని లాగి ఇంకో ఫోన్‌లో పెడితే చాలు. నేను నలుగురికీ చెప్పిన సలహా నా మెడకే చుట్టుకుంది.

మా ఆయనకు ఫోన్ చేశాను. “పోలీస్ స్టేషన్ల కంప్లైంట్ ఇయ్యి” అన్నాడు.

“ఇస్తే దాంట్ల ఏమున్నయని అడుగుతరు. ఏమని చెప్పాలె?”

“బస్సెక్కుత” అన్నాడు. అతను వచ్చేసరికి పొద్దు గూకుతుంది, ఆ టబ్బుల మనిషి ఏ జిల్లా దాటుతాడో తెలియదు.

అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చీరలన్నీ నేల మీద చూసి ఆమెకు ఏదో అర్థమైంది.

“ఏందే? పనిజెయ్యని ఫోనే గద?”

“దాంట్ల నా పుండు ఫోటోలున్నయ్ అత్తమ్మా. పైన బట్ట లేకుంట. మొకం గూడ పడ్డది.”

“బంద్ అయిన ఫోన్ల ఎట్ల కనవడ్తయ్?”

“కనవడ్తయ్. ఎవ్వలన్న చూడొచ్చు.”

అత్తమ్మ నల్లా కట్టేసి, టబ్బును అమాంతం వంచేసింది. పట్టిన నీళ్లన్నీ వాకిట్లో పారాయి. ఖాళీ టబ్బు చంకన పెట్టుకుని, “బండి తియ్యి, వాణ్ణి ఎట్లయిన పట్టుకుందాం” అంది.

అతను దేవరుప్పుల తొవ్వ పట్టాడని బజారు చివర ఇస్త్రీ చేసే ఆమె చెప్పింది. స్కూటీ మీద బయల్దేరాం. వెనక అత్తమ్మ, ఆమెకూ నాకూ మధ్య టబ్బు. గాలికి టబ్బు నా వీపును కొడుతూనే ఉంది. దారిలో జనం మమ్మల్ని చూసి నవ్వారు. ఇంకో రోజయితే నాకూ నవ్వొచ్చేది. ఆ రోజు బస్‌స్టాప్‌లో ఫోన్ చూసి నవ్వుతున్న ప్రతి మనిషీ నన్నే చూసి నవ్వుతున్నట్టు అనిపించింది. సంచిలో నా ఫోన్ టింగుమన్నప్పుడల్లా బండి నెమ్మది చేసేదాన్ని. మా పుట్టింటి వాళ్ల గ్రూపులో రోజంతా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఏ బాబాయో ఆ ఫోటో పెట్టి, ‘ఇది మన పిల్లేనా?’ అని అడుగుతాడేమో అనుకున్నాను. ఒకచోట బండి ఆపి చూశాను. ఎవరిదో పుట్టినరోజు. కేకు బొమ్మ చూసి ఏడుపొచ్చింది.

అతని జాడ టబ్బులే చెప్పాయి. మొదటి ఊళ్లో ఒక పిట్టగోడ మీద నీలం టబ్బు, కంపెనీ కాగితం కూడా ఊడలేదు. ఆ తర్వాతి ఊళ్లో ఒక దాంట్లో కోడిపిల్లలు, ఇంకొక దాంట్లో నానబెట్టిన బట్టలు. అత్తమ్మ ప్రతి వాకిలి ముందూ, “టబ్బులాయన ఎంతసేపాయె పోయి?” అని కేక వేసేది. ఆడవాళ్లు చెయ్యెత్తి తొవ్వ చూపేవారు. అంత భయంలోనూ నా బుర్ర ఊరుకోలేదు. ఇన్ని టబ్బులున్నాయంటే ఇన్ని ఫోన్లు పోయాయి. ఒక్కరైనా లోపలివి తుడిచి ఇచ్చి ఉంటారా?

ఇంకో ఊళ్లో నీలం టబ్బులు ఆగిపోయి ఆకుపచ్చ బకెట్లు మొదలయ్యాయి. “టబ్బులొడ్సినయ్, బకెట్లే ఇయ్యవట్టిండు. దగ్గర్లనే ఉన్నడు” అంది అత్తమ్మ.

ఊరి బయట రైస్ మిల్లు గోడ నీడలో కూర్చుని సద్ది తింటున్నాడు. బండికి నాలుగైదు బకెట్లు వేలాడుతున్నాయి, వెనక సంచి మూతి కట్టి ఉంది. మైకు ఆపలేదు. డిస్‌ప్లే పోయినా పర్వాలేదు, నీళ్లలో పడ్డా పర్వాలేదు, తీసుకురండి అని రికార్డు గొంతు అరుస్తూనే ఉంది. నేను వెళ్లి ముందు దాన్ని కట్టేశాను.

“మా ఫోన్ మాకియ్యి అన్నా. పొద్దుగాల జనగామల ఇచ్చింది.”

“ఇచ్చినంక మళ్ల అడిగితె ఎట్లక్కా? టబ్బు తీస్కుంటిరి గద?”

“గిదిగో నీ టబ్బు” అంటూ అత్తమ్మ దాన్ని అతని ముందు పెట్టింది. “కొన్ని నీళ్లు వట్టిన, గంతే.”

అతను చెడ్డవాడు కాదు. నా ముఖం చూసి, చెయ్యి కడుక్కుని లేచాడు. గోనెపట్టా పరిచి, సంచి తిప్పి పోశాడు. నల్లవి, పగిలినవి, వెనక రేకు లేనివి, మట్టి కొట్టుకుపోయినవి గుట్టగా పడ్డాయి. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నేను కొని, రోజూ చేత పట్టుకుని తిరిగిన ఫోన్‌ను నేను గుర్తు పట్టలేకపోయాను. ఒక్కొక్కటే తీసి తిప్పి చూడసాగాను.

అత్తమ్మ వంగి ఒకదాన్ని బయటికి లాగింది. “గిదే. దసరకు బండికీ, కుట్టుమిషనుకూ బొట్టు వెట్టినప్పుడు దీనిక్కూడ పెట్టిన. కెమెర సందుల ఇంక ఉన్నది చూడు.”

నిజమే. కెమెరా అంచు చుట్టూ ఎర్రటి గీత ఉంది. ఆ పండుగనాడు లెన్సు పాడవుతుందని ఆమెను కసిరాను. అత్తమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కుని, పిన్నీసుతో ట్రే తీశాను. కార్డు లేదు.

“కార్డేది?”

“కార్డులు ఏరి పక్కకు పెడ్తక్కా. పొద్దుగాల జనగామలనే పాటలెక్కిచ్చే దుకాణమాయనకు ఒక పిడికెడిచ్చిన. మిగిలినయి గీండ్లున్నయి.” జేబులోంచి జర్దా డబ్బా తీశాడు.

“మాది ముందుగాల వచ్చిందా, ఆయనకు ఇచ్చినంక వచ్చిందా?”

“యాదికి లేదక్కా. ఎన్ని వస్తయ్ రోజుకు!”

డబ్బా మూత తీస్తే నిండా నల్లటి కార్డులు, వేలిగోరంతవి. ఒకదానికీ బొట్టు లేదు. నా తాళాల గుత్తికి ఒక చిన్న కార్డ్ రీడర్ ఎప్పుడూ ఉంటుంది, కాలేజీలో అందరూ దాన్ని చూసి ఆటపట్టిస్తారు. దాన్ని ఫోన్‌కు తగిలించి, ఒక కార్డు పెట్టాను. ఎవరిదో శవయాత్ర. తీసేసి ఇంకోటి పెట్టాను. జుట్టు విరబోసుకుని మంచం మీద కూర్చుని నవ్వుతున్న పిల్ల. పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు, చేతుల నిండా గాజులు. మొగుడు తీసి ఉంటాడు. ఆ పిల్ల ఒంటి మీద బట్ట సరిగా లేదు. నేను ఒక్క క్షణం ఎక్కువే చూశాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అత్తమ్మ నా భుజం మీదుగా చూసింది. “బంద్ వెట్టు బిడ్డా. చూడకు.”

“చూడకుంటె నాదేదో ఎట్ల తెలుస్తదత్తమ్మా?”

“ఆ పిల్ల గూడ నీ అసోంటిదే గద. గిట్లనే ఎవ్వలన్న నీది తెరుస్తరనే గద మనం ఉరికొచ్చింది?”

రీడర్‌లోంచి ఆ కార్డు తీసేశాను. కానీ డబ్బా వదలాలని లేదు. ఆ ఒక్కటీ దొరికితే చాలు, మిగతావి ఎవరివైతే నాకేం అని మనసు గింజుకుంటోంది. భయం మనిషిని అలా చేస్తుంది.

అత్తమ్మ రొంటిన దోపుకున్న తన డబ్బా ఫోన్ తీసింది. నొక్కే మీటలది, మంచిగా పనిచేస్తోంది. “అయ్యా, గిది మంచి ఫోను. ఇది తీస్కోని ఆ డబ్బ మొత్తం మాకియ్యి.”

అతను దాన్ని తిప్పి చూసి సంతోషంగా ఒప్పుకున్నాడు. అతనికి ఇవ్వబోతూ ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. “ఆగు. నువ్వు ముందుగాల దాంట్లయి అన్ని తుడిసెయ్యి” అంది నాతో. నేను సిమ్ తీసి, నంబర్లూ మెసేజ్‌లూ అన్నీ చెరిపేసి ఇచ్చాను.

వచ్చే దారిలో పాటల దుకాణంలో అడిగాం. పొద్దున వచ్చిన కార్డులన్నీ ఫార్మాట్ చేసి, పాటలెక్కించి అమ్మేశానన్నాడు. ఫార్మాట్ చేస్తే పుస్తకం ముందున్న విషయసూచిక ఒక్కటే చిరుగుతుంది, పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద వేరేవి నిండుగా రాస్తే పాతవి చాలావరకు పోతాయి. ఆ ‘చాలావరకు’ నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

మా ఆయన వచ్చేసరికి అత్తమ్మ పెరట్లో కార్డులు రోట్లో పోసి రోకలితో దంచుతోంది. అవి గట్టివి, ఎగిరి బయట పడేవి. ఒక్కొక్కటీ ఏరి మళ్లీ లోపల వేశాను. ముక్కలైన కార్డును తప్ప దేన్నీ నమ్మలేని స్థితిలో ఉన్నాను. ఎవరి పెళ్లి ఫోటోలో, ఎవరి తండ్రి ఆఖరి ఫోటోలో ఆ రోట్లో పోయే ఉంటాయి. దానికి నాకు బాధే. కానీ వాళ్లు వాటిని టబ్బుకిచ్చారు, ఆ రెండు తప్ప నేను తెరిచి చూడలేదు, అంతవరకే చెప్పగలను. వాటిలో నాది ఉందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే అందరివీ చూడాల్సి వచ్చేది.

పాత ఫోన్‌కు తెలిసిన దుకాణంలో డిస్‌ప్లే వేయించి, ఎదురుగా కూర్చుని నా చేత్తో అంతా చెరిపేసి, ఆ తర్వాతే వదిలాను. ఇప్పుడు ఎవరైనా కొత్త ఫోన్ ఏది కొనాలని వస్తే, పాతది ఎక్కడుందో చెప్పమంటాను. ట్రే లాగించి కార్డు వాళ్ల చేతిలో పెడతాను. డిస్‌ప్లే పోయిందంటే, బాగు చేయించి తుడిచినాకే ఎవరికైనా ఇవ్వండి, లేదంటే ఇంట్లోనే పెట్టుకోండి అంటాను. మేడంకు చాదస్తం పెరిగిందంటున్నారట. అననివ్వండి.

భయం మాత్రం పోలేదు. బజారులో ఆ మైకు వినిపిస్తే ఇంట్లో ఇద్దరం మాట ఆపేస్తాం.

మొన్న చలికాలంలో కుట్ల పక్కన ఎర్రబడింది. మళ్లీ వచ్చిందేమోనని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే మామూలుగానే అంది, ముందు ఫోటో పెట్టమ్మా చూస్తాను అని. అద్దం ముందు నిలబడి పైట తీసి ఫోన్ ఎత్తాను. చెయ్యి కదలలేదు. ఆ ఫోన్‌కు తాళం ఉంది, కార్డు లేదు, పంపి వెంటనే తీసేయొచ్చు, అన్నీ నాకు తెలుసు. తెలిసినా వేలు మీట మీద ఆనలేదు. మంచం మీద కూర్చుని గట్టిగా ఏడ్చేశాను.

అత్తమ్మ లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టింది. సంగతి విని, నా ఫోన్‌లో డాక్టరమ్మను మళ్లీ కలపమంది. స్పీకర్ పెట్టించి, కళ్లజోడు తగిలించుకుంది.

“డాక్టరమ్మా, ఫోటో రాదు. నేనే చూసి చెప్త, రాసుకో.”

నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అన్ని నెలలు గోడ వైపు తిప్పుకున్న ముఖం నా మీదికి వంచింది. ఆమె ఊపిరి వెచ్చగా నాకు తగిలింది. వేలితో తడిమి చూస్తూ చెప్పసాగింది.

“కుట్ల పొంటి చింతగింజంత ఎర్రగున్నది. ఒత్తితె గట్టిగ లేదు. చీము లేదు, వాసన లేదు. చంకల గడ్డ తాకుతలేదు.”

డాక్టరమ్మ ఇంకో రెండు మూడు ప్రశ్నలు అడిగింది. రేపు పొద్దున తీసుకురమ్మంది, కంగారు పడొద్దంది. ఇంకేమైనా చెప్పాలా అని అడిగింది.

అత్తమ్మ నా పైట సర్దుతూ, “పిల్ల బాగ భయపడ్తున్నది. గది గూడ రాసుకో” అంది.